మూగదీవిలో ముత్తాత మద్దెల

ఏడు ఊళ్ళకి అవతల, ఎనిమిదో ఊరికి ఇవతల, సముద్రపు ఒడ్డున తరంగపురమని ఒక రాజ్యం ఉండేదట. దానికి చండకేతు అని ఒక రాజు. మంచివాడే, కానీ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రకేతుకి కత్తి అంటే ప్రాణం. రెండోవాడు శూరకేతుకి గుర్రం అంటే ప్రాణం. మూడోవాడు మధుకేతుకి కత్తి పడితే చెయ్యి నొప్పి, గుర్రమెక్కితే నడుం నొప్పి. వాడికి మద్దెల అంటే ప్రాణం. ఊ కొడుతున్నారా పిల్లలూ? కొట్టాలి మరి. మద్దెల కథకి ఊ లేకపోతే నడక కుదరదు.

ఆ రాజ్యంలో ఒక మద్దెల ఉండేది. అది ఎప్పటిదో రాజుగారి తాతకి కూడా తెలియదు. అందుకే అందరూ దాన్ని ముత్తాత మద్దెల అనేవారు. పనస మాను తొలిచి చేసిన కట్టె. తోళ్ళు ఎన్నోసార్లు మారాయి, బిగించిన వార్లు ఎన్నోసార్లు మారాయి, కట్టె మాత్రం అదే. ఎందరెందరి ఒళ్ళోనో పడుకుని పడుకుని నున్నగా తేనె రంగు తేలింది. దాని మీద ఒక్క దెబ్బ వేస్తే "ధీం" అని పుట్టే నాదం కోట గోడ దాటి, వరిచేలు దాటి, సముద్రంలో వల విసిరే వాళ్ళ దాకా వెళ్ళేది. అది వింటే ఏడ్చే పిల్ల ఏడుపు మానేది. అత్తాకోడళ్ళు పోట్లాట మానేవారు. కాసేపే లెండి.

దాన్ని వాయించేవాడు సింగన్న తాత. ఒళ్ళంతా ముడతలు పడినా ఆ తాత చేతులకి మాత్రం ముసలితనం రాలేదు. మధుకేతు చిన్నప్పటి నుంచీ తాత ఎదురుగా కూర్చుని ఆ చేతుల్నే చూసేవాడు. వేళ్ళు తోలు మీద వాలినట్టే ఉండవు, నాదం మాత్రం పుట్టేస్తుంది. ఇన్నేళ్ళు చూసినా వాడికి తనివి తీరలేదు.

సింగన్న వంశంలో మూడు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, వాయించే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, దాని చప్పుడు విని, ఆ నడకలోనే దరువు మొదలుపెట్టాలి. రెండోది, ఆఖర్న ముక్తాయింపు మూడుసార్లు వాయించి, మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకోవాలి.

"గుండె దగ్గర అప్పు తెచ్చుకున్న నడక చిన్నబాబూ, పని అయ్యాక దానిది దానికి ఒప్పజెప్పెయ్యాలి" అనేవాడు తాత.

మూడోది, నాదం నిండుగా రావడానికి మద్దెల ఎడమ మూతికి అంటించిన తడి రవ్వ ముద్దని వాయింపు అయ్యాక గీకి, గోడ పగుల్లో ఉన్న చీమలకి పెట్టాలి. మద్దెల తిన్నాక మిగిలింది చీమలు తినాలట. ఆ చీమలు కూడా తరతరాలుగా అక్కడే కాపురం. ముద్ద తినేసి, ఊరికే పోకుండా ఒకసారి మద్దెల కట్టె చుట్టూ తిరిగి, దణ్ణం పెట్టుకున్నట్టు ఆగి, అప్పుడు వెళ్ళేవి.

ఇలా ఉండగా ఒక దసరా వచ్చింది. కొలువు నిండింది. సింగన్న మనవరాలు చెంగల్వ నాట్యానికి గజ్జెలు కట్టుకుంది. తాత గుండె మీద చెయ్యి వేసుకుని మద్దెల మీద దెబ్బ వేశాడు.

"టప్" అంది మద్దెల.

తాత కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ "టప్". నా చేతులకే వయసొచ్చిందేమో అనుకున్నాడు పాపం, తల దించుకుని అలాగే వాయించసాగాడు. చెంగల్వ నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

"మహాప్రభూ, మన్నించాలి. మద్దెల ఓడుగా ఉంది. దీని మీద నేను ఆడలేను" అంది.

ఇంకేముంది! కొలువంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనే సామెత మనందరికీ తెలిసిందే కదా. ఆ సామెతే కాళ్ళకి గజ్జెలు కట్టుకుని కళ్ళెదుట నిలబడేసరికి ఎవరికీ నవ్వాగలేదు. మంత్రి నవ్వాడు, సేనాపతి నవ్వాడు, వింజామరలు వీచేవాళ్ళు కూడా నవ్వారు. చెంగల్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ అడుగు మాత్రం వెయ్యలేదు. మధుకేతు ఒక్కడే నవ్వలేదు. ఆ "టప్" వాడి చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

సింగన్న మెల్లగా లేచాడు. "ప్రభూ, నా మనవరాలు అన్నది నిజం. ఇది ముత్తాత మద్దెల కాదు. చూపుకి అదే. నాదం అది కాదు" అన్నాడు.

రాజుగారి కోపం ముక్కు మీంచి నెత్తికెక్కింది. "మద్దెల గది తాళంచెవి ఎవరి మొలలో ఉంటుంది?"

"నా మొలలోనే ప్రభూ."

"అయితే అమ్ముకున్నదీ నువ్వే! మా వంశపు మద్దెలని అమ్ముకున్న చేతులు నాకు అక్కర్లేదు. వాటిని నరికించండి!"

చెంగల్వ తాత చేతుల్ని తన చేతుల్లో దాచేసుకుంది. మధుకేతు పరుగున వెళ్ళి తండ్రి కాళ్ళ మీద పడ్డాడు. మద్దెల దొరికితే తాత నిర్దోషి అని తేలుతుంది కదా, గడువివ్వండి అని బతిమాలాడు. అన్నలిద్దరూ కూడా తలో మాట కలిపారు.

"వచ్చే దసరా దాకా ఆగుతాను. ఆ రోజు ఇదే కొలువులో ముత్తాత మద్దెల పలకాలి. లేదంటే సింగన్న చేతులు ఉండవు" అన్నాడు రాజు.

మర్నాడు మధుకేతు ఆ దొంగ మద్దెల ఎడమ మూతి గీకి, రవ్వ ముద్ద చీమలకి పెట్టాడు. చీమలు ముద్ద తిన్నాయి. మద్దెల వైపు మాత్రం ఒక్కటి కూడా వెళ్ళలేదు. అన్నిటికంటే ముసలి చీమ తల ఎత్తి, "నాయనా, ఇది మన తాత కాదు. ఈ కట్టెకి మన ఇంటి వాసన లేదు" అంది.

మధుకేతు సంబరంగా తండ్రి దగ్గరికి పరిగెత్తాడు. "చీమల సాక్ష్యమా!" అని రాజుగారు కసిరి పంపేశారు. రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టు, వాడు తిరిగి సింగన్న దగ్గరికే వచ్చి పడ్డాడు. తాత, చెంగల్వ, వాడు, ముగ్గురూ గోడకి చేరగిలి ఆలోచనలో పడ్డారు.

"పోయిన దసరాకి 'ధీం' అంది. ఈ దసరాకి 'టప్' అంది. ఈ మధ్యలో దాన్ని ఎవరు తాకారు?" అంది చెంగల్వ.

తరంగపురానికి గొప్ప అతిథి వస్తే ముత్తాత మద్దెల మీద ఒక్క దరువు వెయ్యనిచ్చేవారు. అది అతిథికి చేసే మర్యాద. ఆ ఏడు ముగ్గురు వచ్చారు. ఒక ఓడల వర్తకుడు, ఒక పొరుగు రాజు, ఒక బైరాగి. ముగ్గురూ పద్ధతి ప్రకారం గుండె మీద చెయ్యి వేసుకునే దరువు వేశారు. మధుకేతు కళ్ళు మూసుకుని ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకున్నాడు. వర్తకుడు మెట్లెక్కి ఆయాసంతో వచ్చాడు, అందుకని వడి దరువు వేశాడు. పొరుగు రాజు పీకల దాకా భోంచేసి వచ్చాడు, అందుకని నింపాది దరువు వేశాడు. బైరాగి?

"తాతా!" అన్నాడు మధుకేతు ఉలిక్కిపడి. "ఆ బైరాగి గుండె మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు. వేసుకున్న చెయ్యి తియ్యడు, దరువు వెయ్యడు. ఆఖరికి నేను కాలితో తాళం వేస్తుంటే దొంగచూపు చూసి, నా నడకలో వాయించాడు. ఆ తర్వాత భక్తితో అన్నట్టు మద్దెలని తన గొంగళిలో చుట్టి కౌగిలించుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని పక్కవాడి కాలు చూసేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు."

సింగన్న ముఖం పాలిపోయింది. "అయితే వాడికి గుండె చప్పుడు లేదు బాబూ. లోకంలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడని మా పెద్దలు చెప్పేవారు. కాలజంఘుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల మూగదీవిలో ఉంటాడు. వాడి దీవిలో ఆకు రాలినా చప్పుడు కాదట. ఆ గొంగళిలోనే మద్దెల మార్చేసి ఉంటాడు. ఎందుకు ఎత్తుకుపోయాడో మాత్రం నాకు అంతుపట్టడం లేదు."

ఈ మాట విని పెద్దన్న వజ్రకేతు కత్తి దూశాడు. "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. చిలక మెడ పిసికి వస్తాను" అని ఓడ ఎక్కాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. రెండో అన్న శూరకేతు గుర్రంతో సహా ఓడ ఎక్కాడు. "అన్న పిసకలేకపోయిన మెడ నేను పిసుకుతాను" అన్నాడు. ఆయనా తిరిగి రాలేదు. ఎండలు పోయి వానలు వచ్చాయి, దసరా దగ్గర పడింది.

అప్పుడు మధుకేతు బయల్దేరాడు. చెంగల్వ ఒక చిన్న రవ్వ మూట వాడి చేతికిచ్చింది.

"నన్ను చూసి అందరూ నవ్విన రోజు మీరు ఒక్కరే నవ్వలేదు యువరాజా. నేను మరిచిపోలేదు. తాత చేతుల్ని కాపాడండి" అంది.

"ఆ చేతులు లేకపోతే నాకూ ఈ చేతులు ఎందుకు చెంగల్వా" అన్నాడు మధుకేతు. మూటలో రవ్వతో పాటు ముసలి చీమ, దాని బలగం కూడా ఎక్కి కూర్చున్న సంగతి ఇద్దరూ చూసుకోలేదు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మధుకేతు భుజం ఆనించి దాన్ని బోర్లా తిప్పాడు. "అయ్యా, నీ రుణం ఉంచుకోను, ఎక్కడికి వెళ్ళాలో చెప్పు" అంది తాబేలు. వాడు దాని వీపెక్కాడు. ఉప్పు సముద్రం దాటారు, చెరకు రసపు సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో జారారు, పెరుగు సముద్రంలో కూరుకున్నారు, పాల సముద్రంలో కడుక్కున్నారు. మంచినీళ్ళ సముద్రం మధ్యలో ఒక ఒంటి చెట్టు ఉంది. ఆ చెట్టు జిగురులో ముక్కు ఇరుక్కుని ఒక వడ్రంగిపిట్ట గింజుకుంటోంది. మధుకేతు ముక్కు విడిపించి నీళ్ళతో కడిగాడు. "టకటకమని కొట్టేవాళ్ళం, నువ్వూ నేనూ ఒకే కులం" అని అది వాడి భుజం మీద వాలింది.

ఆ తర్వాత మూగదీవి వచ్చింది. అల ఒడ్డుని తాకింది, చప్పుడు లేదు. కొబ్బరికాయ రాలింది, చప్పుడు లేదు. నోటి మాట తప్ప అక్కడ ఏదీ వినబడదు. దీవి మధ్య ఒక పెద్ద మేడ. మధుకేతు లోపల కాలుపెట్టి, వచ్చిన పని మరిచిపోయి నిలబడిపోయాడు.

ఎన్ని వాద్యాలు! ఏనుగు మీద మోసుకెళ్ళే నగారాలు. గుప్పెట్లో పట్టే ఉడుకలు. పెళ్ళిళ్ళలో మోగి మోగి అంచులు అరిగిన డోళ్ళు. మంట దగ్గర కాచి కాచి నల్లబడిన డప్పులు. ఒంకర కొమ్ములు, పొడుగు బూరలు, మెట్లు అరిగిన వీణలు. ఒక తుడుముకి పక్కన చిన్న గుంట పడి ఉంది. దాన్ని మెడకి వేసుకుని నడిచినవాడి మోకాలు తగిలి తగిలి పడ్డ గుంట అది. ఒక డప్పు మీద ఎవరిదో చెమట మరక ఇంకా ఉంది. వీటిని చేసినవాళ్ళు ఎవరో, వాయించినవాళ్ళు ఎవరో, ఎంతెంత గొప్పవాళ్ళో అనుకున్నాడు మధుకేతు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఒక్క వాద్యం మీద కూడా దుమ్ము లేదు. ఒక్కదానికి కూడా గొంతు లేదు.

గుమ్మం పక్కన తోలు బిగించని రెండు మద్దెల కట్టెలు పడి ఉన్నాయి. ఒకదానికి పెద్దన్న చెవిపోగు వేలాడుతోంది. ఇంకోదానికి రెండో అన్న కడియం ఉంది. అవి తన అన్నలేనని మధుకేతు పోల్చుకున్నాడు. పైన బంగారు పంజరంలో ఒక చిలక ఉంది.

"వచ్చావా? రా, పిసుకు" అంది చిలక విసుగ్గా. "వచ్చిన ప్రతి రాజకొడుకూ నా మెడే పిసుకుతాడు. నేను మళ్ళీ లేచి కూర్చుంటాను, వాళ్ళు కట్టెలైపోతారు. మా అయ్యగారూ చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ దగ్గర కథలు విన్నవాడే నాయనా! ప్రాణం చిలకలో దాస్తే అందరికీ తెలిసిపోదూ? అందుకే నన్ను ఊరికే ఇక్కడ వేలాడదీశాడు. మెడ నొప్పితో చస్తున్నాను."

"నేను పిసకను. నీ పంజరం తలుపు తీస్తాను" అని మధుకేతు తలుపు తీశాడు.

ఇంతలో కాలజంఘుడు వచ్చాడు. కొంగ కాళ్ళు, జీబురు గడ్డం, ఆ బైరాగి కళ్ళే. "నువ్వూ నన్ను చంపడానికేనా?" అన్నాడు.

"ముందు వీటిని కళ్ళారా చూడనివ్వండి. ఇలాంటివి నేను పుట్టి ఎరగను" అన్నాడు మధుకేతు. అది ఎత్తు వేసి అన్న మాట కాదు. మనసులో ఉన్న మాటే.

కాలజంఘుడి ముఖం వికసించింది. ఇన్నేళ్ళుగా పోగుచేసిన సొత్తుని మెచ్చుకోవడానికి వాడికి ఒక్క మనిషి దొరకలేదు మరి. ఒక్కో వాద్యం దగ్గరికీ తీసుకెళ్ళి చూపించాడు. ఆఖర్న, "నీకు నిజంగా వాద్యాల సంగతి తెలిస్తే మూడు పరీక్షలు పెడతాను. నెగ్గితే నీకు కావలసిన వాద్యం ఒకటి ఇస్తాను. ఓడితే నువ్వూ కట్టెవే" అన్నాడు.

మొదటి పరీక్ష పనస తోటలో. మానులన్నీ పైకి ఒక్కలాగే ఉన్నాయి. మద్దెలకి పనికొచ్చేది ఒక్కటే, అది ఏదో చెప్పాలి. వడ్రంగిపిట్ట చప్పుడు రాకపోయినా ఒక్కో మానునీ ముక్కుతో కొట్టి చూసి వచ్చింది. "పురుగు తొలిచినవన్నీ నాకు కంచంలో అన్నం లాంటివి. వాటి సంగతి నాకు తెలియదా? ఆ మూల ఉన్నదొక్కటే గట్టిది" అంది. మధుకేతు దాన్నే చూపించాడు. రెండో పరీక్ష, సముద్రం అడుగున జారిపోయిన శంఖం తేవాలి. తాబేలు మునిగి, శంఖం వీపున పెట్టుకుని తేలింది. కాలజంఘుడు పళ్ళు కొరికాడు.

మూడో పరీక్షకి వాడు మధుకేతుని ఒక విశాలమైన గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ముత్తాత మద్దెలలే! అన్నిటికీ అదే తేనె రంగు, అదే నునుపు, అవే వార్లు.

"నీదేదో తీసుకో. తప్పు దాన్ని ముట్టుకున్నావో, కట్టెవే" అన్నాడు కాలజంఘుడు.

మధుకేతు ఎంతసేపు చూసినా తేడా తెలియలేదు. వాయించి చూద్దామంటే ముట్టుకోకూడదు. వాడికి సింగన్న తాత చేతులు కళ్ళ ముందు ఆడాయి. ఏం చెయ్యాలో తోచక, నీరసం వచ్చి చెంగల్వ ఇచ్చిన మూట విప్పాడు. అందులోంచి ముసలి చీమ బయటికి వచ్చింది. "అంత దిగులెందుకు నాయనా! పిల్లలూ, పదండి, తాతగారింటికి" అంది. చీమల బారు మద్దెలల మధ్య నుంచి వంకరటింకరగా సాగి, ఒక్క మద్దెల చుట్టూ తిరిగి, దణ్ణం పెట్టుకున్నట్టు ఆగింది.

మధుకేతు వెళ్ళి ఆ మద్దెలని ఒళ్ళోకి తీసుకున్నాడు. కట్టె అయిపోలేదు. అది సరే, మద్దెల పొట్టలోంచి ఒక చప్పుడు వచ్చింది. దుక్కు, దుక్కు, దుక్కు.

అప్పుడు వాడికి అంతా తెలిసిపోయింది. కాలజంఘుడు చావుకి భయపడి తన గుండె చప్పుడుని ఒంట్లోంచి తీసి మద్దెలలో దాచుకున్నాడు. మామూలు మద్దెల గుండె చప్పుడుని ఎంతకాలమని మోస్తుంది? అరిగి పగిలిపోతుంది. తరతరాలు మోగినా అలిసిపోని కట్టె ఒక్కటే వాడి ప్రాణాన్ని మోయగలదు. అందుకే ముత్తాత మద్దెల కావలసి వచ్చింది వాడికి. ప్రాణం దాచిన మద్దెల మోగితే గుండె అదురుతుందనే మొదట్నుంచీ దీవి మొత్తాన్ని మూగ చేశాడు.

"కట్టె పగలగొట్టు!" అని అరిచింది వెంట ఎగిరొచ్చిన చిలక. "తోలు చింపితే లాభం లేదు, ప్రాణం కట్టెలోనే ఉంది. పగలగొడితే వాడు చస్తాడు!"

మధుకేతు నడుముకి పేరుకో కత్తి ఉంది. ఎదురుగా కాలజంఘుడు మంత్రదండం ఎత్తుతున్నాడు. ఒక్క పోటు చాలు. కానీ కట్టె చీలితే తాత చేతులు పోతాయి. అంతకంటే, ఇన్ని తరాల వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని సాకిన కట్టెని చీల్చడానికి వాడికి చెయ్యెలా వస్తుంది? కత్తి తీసి దూరంగా విసిరేశాడు. చిటికెలో రవ్వ తడిపి ఎడమ మూతికి అంటించాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. దరువు మొదలుపెట్టాడు.

"ధీం!"

గుండె నడకలో పుట్టిన దరువు కదా, మంత్రం దాన్ని నొక్కలేకపోయింది. మూగదీవిలో మోగిన మొదటి దరువు అది. కాలజంఘుడి నోట్లో మంత్రం సగంలో తెగిపోయింది. మద్దెలలో ఉన్నది వాడి గుండే కదా, అది దరువుని బట్టి కొట్టుకుంది. మొదటి కాలంలో, అంటే నింపాదిగా, వాయిస్తే వాడి పాదం కదిలింది. వడి రెట్టించి రెండో కాలంలో వాయిస్తే మంత్రదండం జారి కింద పడింది. మూడో కాలంలో వాయించేసరికి ఆ కొంగ కాళ్ళతో గది నాలుగు మూలలా ఎగిరి ఎగిరి ఆడాడు. గడ్డం ఒక పక్కకి, ఆయాసం ఒక పక్కకి.

"ఆపు! ఆపు! ఇదేం మద్దెల, ఓడు మద్దెల!" అని అరిచాడు.

మధుకేతు ఫక్కున నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడంటే నిజంగా ఇదే! మా చెంగల్వ అన్నప్పుడు ఊరంతా తప్పుగా నవ్వింది."

"నన్ను చంపకు. నాకు చావంటే భయం" అని ఏడ్చాడు కాలజంఘుడు. అంత మాంత్రికుడూ పసిపిల్లాడిలా ఏడుస్తుంటే మధుకేతుకి జాలి వేసింది. చేతులు నొప్పి పుడుతున్నాయి. ఆపితే వీడు మళ్ళీ దండం అందుకుంటాడు. ఆపకపోతే గుండె పగిలి చస్తాడు. అప్పుడు తాత మాట గుర్తొచ్చింది. గుండె దగ్గర తెచ్చుకున్నది గుండెకే ఒప్పజెప్పాలి.

ముక్తాయింపు అందుకున్నాడు. మొదటిసారి వాయించాడు. మద్దెల లోపల చప్పుడు పైకి తేలింది. రెండోసారి వాయించాడు. చప్పుడు తోలు దాకా వచ్చింది. మూడోసారి వాయించి, ఆఖరి దెబ్బ వేసి, లేచి వెళ్ళి తన అరచెయ్యి కాలజంఘుడి గుండె మీద పెట్టాడు.

దుక్కు.

కాలజంఘుడు కళ్ళు పెద్దవి చేశాడు. తన చెయ్యి కూడా అక్కడ వేసుకున్నాడు. "ఉంది" అన్నాడు. "నాకూ ఉంది." అంతే, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడి మంత్రాలన్నీ ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోయాయి. మేడలో నగారాలు ఉరిమాయి, డప్పులు మోగాయి, కొమ్ములు ఊదుకున్నాయి. గుమ్మం దగ్గర కట్టెలు రెండూ వజ్రకేతు, శూరకేతులై లేచి నిలబడి, "చిలక ఏది?" అని అడిగాయి. చిలక అప్పటికే మామిడి కొమ్మ మీద కూర్చుని మెడ సవరించుకుంటోంది.

ఇక్కడ తరంగపురంలో దసరా వచ్చేసింది. కొలువు నిండింది. సింగన్న తాత రెండు చేతులూ చాపి చెక్కమొద్దు మీద పెట్టాడు. చెంగల్వ గజ్జెలు కట్టుకుని పక్కనే నిలబడింది. మధుకేతు వస్తాడని ఆమె నమ్మకం. రాజుగారు సముద్రం వైపు చూశారు. ఒక్క తెరచాప లేదు. మనసు పీకుతున్నా, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక తలాడించారు. తలారి కత్తి ఎత్తాడు.

అప్పుడు తాత వేళ్ళు చెక్కమొద్దు మీద కదిలాయి. మెల్లగా, వాటంతట అవే, దరువు వెయ్యడం మొదలుపెట్టాయి.

"ఏం సింగన్నా, భయమా?" అన్నాడు రాజు.

"భయం కాదు ప్రభూ" అన్నాడు తాత. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చిన్నబాబు వస్తున్నాడు. మీకింకా వినబడలేదా?"

కొలువంతా చెవులు రిక్కించింది. ముందు ఏమీ లేదు. తర్వాత సముద్రం మీంచి, వరిచేల మీంచి, కోట గోడ మీంచి వచ్చింది. ధీం! ఊళ్ళో ఏడ్చే పిల్లలు ఏడుపు మానారు. తలారి చేతిలో కత్తి దానంతట అదే కిందికి దిగింది. తాబేలు వీపు మీద మద్దెల వాయిస్తూ మధుకేతు వస్తున్నాడు. వెనక ఓడలో అన్నలు వస్తున్నారు.

మధుకేతు మద్దెలని తెచ్చి తాత ఒళ్ళో పెట్టాడు. తాత గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చెంగల్వ కిందటి దసరాకి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి అడుగు నుంచి ఆడింది. ఆ రోజు నవ్వినవాళ్ళంతా నోరు తెరుచుకుని చూశారు. చండకేతు మహారాజు సింహాసనం దిగి వచ్చి, సింగన్న చేతులు రెండూ కళ్ళకి అద్దుకుని అందరి ముందూ ఏడ్చేశాడు. మద్దెలని తన భుజం మీదే మోసుకుని దాని గదిలో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఆయన కోపం ముక్కు మీదికి వచ్చినా అక్కడ ఎక్కువసేపు కూర్చోలేదు.

"నీకేం కావాలమ్మా?" అని చెంగల్వని అడిగారు రాజుగారు.

"నవ్వని మనిషి కావాలి మహాప్రభూ" అంది చెంగల్వ. మధుకేతు అప్పుడు నవ్వాడు.

మంచి ముహూర్తం చూసి ఆ ఇద్దరికీ పెళ్ళి చేశారు. పెళ్ళికి కాలజంఘుడు కూడా వచ్చాడు. వాద్యాలన్నీ బండ్లకెత్తి, ఎవరి ఊరివి వాళ్ళ ఊరికి ఇచ్చి వస్తున్నాడట. ఇచ్చిన ప్రతి చోటా ఒక్కటే అడిగేవాడు, ఒక్కసారి వాయించండి, వింటాను అని. వాళ్ళు వాయిస్తుంటే గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు.

అన్నలు మనసారా ఒప్పుకుంటే, మధుకేతు, చెంగల్వ తరంగపురాన్ని జుట్టు నెరిసి, మనవలు పుట్టే దాకా చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఒక్క విషయం మారింది. ఎవరైనా మద్దెల ఓడంటే ముందు మద్దెలని చూసేవారు, తర్వాతే నవ్వేవారు. సింగన్న తాత మాత్రం నూరేళ్ళు నిండే దాకా వాయించి, ఆఖరి దసరా నాడు ముక్తాయింపు మూడుసార్లు వేసి, ఎప్పటిలాగే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఒప్పజెప్పేశాను చిన్నబాబూ అన్నాడు, మద్దెలని మధుకేతు ఒళ్ళోకి జరిపి.

అదీ కథ. మద్దెల గూటికి, రవ్వ ముద్ద చీమలకి, మనం పక్కల మీదికి. పడుకునే ముందు ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకోండి. దరువు వినబడుతోందా? ఊ కొట్టండి మరి.